ఊపిరి బిగపట్టిన తీగబండి

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకున్న అమ్మలూ, ముందుకు రండి, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది. ఆ పరమాత్మను ఒక్క క్షణం మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక వినండి. చెప్పబోయేది యంత్రం కథే గానీ బెదిరిపోకండి. యంత్రాల సంగతి బొత్తిగా తెలియనివారికే ఇది బాగా అర్థమవుతుంది.

మన్యంలో సీతగుమ్మ కొండకీ, కింద లోయలోని బస్టాండుకీ మధ్య తీగబండి తిరిగే రోజులవి. కాగితాల్లో దాని పేరు రోప్‌వే. ఇనుపతాడుకు వేలాడుతూ ఇరవైనాలుగు డబ్బాలు మబ్బుల్లోంచి పైకీ కిందకీ పోతుంటాయి. కింది స్టేషన్ కంట్రోల్ గదిలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, సువర్చల అనే ఇంజనీరు అదే పరీక్షను నూటపదమూడోసారి నడిపింది. నూటపదమూడోసారీ బండి నిక్షేపంగా తిరిగింది.

"ఒక్కసారి ఆగవే తల్లీ! నీకు దండం పెడతాను!" అంది సువర్చల పళ్ళు బిగించి.

బండి ఆగకూడదని అందరూ మొక్కుకుంటారు. ఆగమని మొక్కుకున్న మనిషి ఈవిడొక్కతే. ఎందుకో చెబుతాను.

సువర్చల రాజమండ్రి మనిషి. ఎనిమిదేళ్ళు కష్టపడి 'నాడి' అనే డీబగ్గర్ తయారుచేసింది. డీబగ్గర్ అంటే, నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతోందో చూపించే సాధనం. ఎక్స్‌రే తీయించుకున్నారా ఎప్పుడైనా? "ఊపిరి బిగపట్టండి" అంటాడు, ఫొటో తీస్తాడు, "వదలండి" అంటాడు. నాడి పనీ అదే. రెప్పపాటు కాలం యంత్రాన్ని నిలబెట్టి, చూడాల్సింది చూసి, వదిలేస్తుంది. నిలబెట్టిన సంగతి బండిలో ఉన్నవాళ్ళకు తెలియను కూడా తెలియదు.

అంతకుముందు ఇలాంటి సాధనాలు ఇంజనీర్ల చేతికే పరిమితం. సువర్చల నాడిలో 'పలుకు' అనే స్క్రిప్టింగ్ భాషను కలిపింది. దాంతో యంత్రం నడిపేవాళ్ళే తెలుగులో నాలుగు ముక్కలు రాసి, "నీలో బరువెంత? నీ వేగమెంత?" అని యంత్రాన్ని అడగొచ్చు. అలా అడిగే స్క్రిప్టును ఈ స్టేషన్‌లో, నెల కిందట, మొట్టమొదట రాసింది వంతల చిలకమ్మ అనే ఆపరేటరు. పదకొండు లైన్లు. డబ్బా వెంట డబ్బాను బరువు అడుగుతుంది, ఎక్కువుంటే హెచ్చరిస్తుంది. మిగతా ఆపరేటర్లూ దాన్నే వాడుకుంటున్నారు.

ఆ కొండమీద నుంచి ఈ కుర్చీదాకా వచ్చిన మొదటి ఆడమనిషి చిలకమ్మ. ఇప్పుడా కుర్చీకే ఎసరొచ్చింది.

వరుసగా నాలుగు శుక్రవారాలు, తెల్లవారుజామున, బండి దానంతటది ఆగిపోయింది. యంత్రం మూడు సెకన్లు ఉలుకూపలుకూ లేకుండా ఉంటే బ్రేకు దానంతటదే పడుతుంది, మళ్ళీ కదిలించడానికి నలభై నిమిషాలు. నాలుగోసారి పద్దెనిమిదిమంది పొగమంచులో వేలాడుతూ దేవుళ్ళందరినీ పిలిచారు. నాలుగుసార్లూ డ్యూటీలో ఉన్నది చిలకమ్మే. ఆవిడే ఆపే మీట నొక్కుతోందన్నారు. డ్యూటీ నుంచి తప్పించారు. సోమవారం కమిటీ వస్తుంది, ఈలోగా వేరే కారణం దొరక్కపోతే ఉద్యోగంలోంచే తీసేస్తుంది.

ఈ ఐదో శుక్రవారం వేరే ఆపరేటరు కూర్చున్నాడు. బండి ఆగలేదు.

"చూశారా మేడమ్?" అన్నాడు స్టేషన్ మేనేజరు పట్నాయకుని త్రినాథరావు. "ఆవిడ లేకపోతే లోపమూ లేదు."

సువర్చలకు ఒళ్ళు మండింది. కనపడని లోపాన్ని పట్టుకోవడమంటే దొంగ లేని ఇంట్లో కాపలా కాయడమే. మంగళవారం గాలిని అనుమానించింది, బుధవారం తీగలను, గురువారం మోటారును. చివరికి నాడి మీద మరో నాడిని పెట్టి చూసింది. రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుని నోరు మూసుకున్నాయి. టీ చల్లారిపోయింది, తల పగిలిపోతోంది. బయటికొచ్చింది.

వరండాలో బల్లమీద చిలకమ్మ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. విచారణ ముగిసేదాకా రోజూ స్టేషనుకు రావాలి, గదిలోకి మాత్రం అడుగుపెట్టకూడదు. అదీ ఉత్తర్వు.

"చిలకమ్మగారూ, మీరు నా దగ్గర ఏమీ దాచడం లేదు కదా?" అంది సువర్చల. విసుగు గొంతులోకి వచ్చేసింది.

"దాసడానికి నాకాడేటుందమ్మా? అడిగినదానికి సెప్పినాను."

"ఏమడిగారు?"

"ఎందుకాపినావని అడిగినారు. నాను ఆపనేదన్నాను. ఇంకేటీ అడగనేదు."

తనూ అంతే కదా అనుకుంది సువర్చల. నాలుగు రోజులుగా యంత్రాన్నే అడుగుతోంది. ఈ మనిషిని అడిగిందే లేదు. పక్కన చతికిలబడింది.

"సరే, నేను అడుగుతాను. శుక్రవారం పొద్దున్న వచ్చిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో చెప్పండి. చిన్నదైనా వదలొద్దు."

"తానం చేసొత్తాను. తాళం తీత్తాను. మొదటి డబ్బాకి పసుపు రాసి, పూలేసి, అమ్మోరికి పంపుతాను. కొండ ఆయమ్మది కదా! మనుసులు ఎనకాల డబ్బాల్లో ఎక్కుతారు."

"అది అందరూ చేస్తారుగా. ఇవాళ డ్యూటీలో ఉన్నాయన కూడా పంపాడు."

"ఆడా? పూలిసిరీసి తలుపేసీడమే!" చిలకమ్మ మూతి తిప్పింది. "నాను అలగ పంపను. డబ్బా అడుగున తూకం పలకుందా, దాన్ని ఆపీసి పంపుతాను."

"తూకం పలక ఆపేస్తారా? ఎందుకు?"

చిలకమ్మ ఆవిడ కేసి జాలిగా చూసింది. "అమ్మోరు కూకుంటాదమ్మా అందులోన. అమ్మోరిని తూకమేత్తామేటి?"

సువర్చల లేచి నిలబడింది. క్యారేజీ తగిలి కిందపడబోతే చిలకమ్మ పట్టుకుంది.

మిగతావాళ్ళ ఖాళీ డబ్బా, బరువెంత అని అడిగితే "సున్న" అంటుంది. అదీ జవాబే. చిలకమ్మ డబ్బా ఏమీ అనదు. అసలు జవాబే ఉండదు. అప్పుడు స్క్రిప్టు మధ్యలోనే దారితప్పుతుంది. దారితప్పాక?

ఆదివారం తెల్లవారకముందే, మనుషులెవరూ లేకుండా బండిని నడిపించారు. "ఆవిడ కంట్రోల్ బోర్డు ముట్టుకోకూడదు" అని త్రినాథరావు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చిలకమ్మ గడప అవతల నుంచి చెప్పింది, సువర్చల చేసింది. పసుపు, పూలు, తూకం పలక. "దండవెట్టు" అని గడప అవతల నుంచి వినిపిస్తే దండం కూడా పెట్టింది. స్క్రిప్టు మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఖణేల్మని బ్రేకు పడింది.

"ఆగింది! ఆగిందండీ!" అని గెంతింది సువర్చల.

"ఆపేశారు కదండీ!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు త్రినాథరావు.

సువర్చల తను రాసిన కోడ్ తెరిచింది. నాడికీ పలుకుకూ మధ్య అతుకు వేసినచోట, అప్పట్లో తన చేత్తో రాసుకున్న వరుస ఇది: యంత్రాన్ని ఆపు. స్క్రిప్టును అడగనివ్వు. జవాబు వచ్చాక వదులు. స్క్రిప్టు దారితప్పితే జవాబు రాదు, 'వదులు' అనే మాట దగ్గరికి ప్రోగ్రామ్ చేరనే చేరదు. ఊపిరి బిగపట్టమని చెప్పి, ఎక్స్‌రే మనిషి గదిలోంచి వెళ్ళిపోయినట్టు! పాపం ఆ యంత్రం, చెప్పినమాట వింటూ అలాగే నిలబడింది. అడిగిన ప్రతిదానికీ జవాబు ఉండితీరుతుందని అనుకుందే, ఎంత పొగరు తనకి! నాలుగు రోజులు గాలినీ తీగలనూ తిట్టిపోసింది. ఇప్పుడు తిట్టడానికి తనే మిగిలింది.

జవాబు వచ్చినా రాకపోయినా వదులు, అని మార్చింది. పది నిమిషాల పని. మళ్ళీ అమ్మవారి డబ్బాను పంపారు. తూకం లేకుండా, ఆగకుండా, ఆ తల్లి మబ్బుల్లోకి వెళ్ళిపోయింది.

అయిపోయిందనుకుంటున్నారు కదూ? సువర్చలా అలాగే అనుకుంది.

సోమవారం కమిటీ వచ్చింది. కారణం దొరికినందుకు సంతోషించింది, ఉద్యోగం తీసేయడం లేదంది, భోజనం చేసి వెళ్ళిపోయింది. చిలకమ్మ మాత్రం బల్లమీదే ఉంది.

"ఆవిణ్ణి డ్యూటీలోకి తీసుకోరేం?" అని అడిగింది సువర్చల.

"సంజాయిషీ పెండింగులో ఉంది మేడమ్." త్రినాథరావు తెర చూపించాడు. 'బండిని ఎందుకు ఆపారు?' అని ప్రశ్న. ఎదురుగా ఖాళీ గడి. "ఆవిడ 'ఆపలేదు' అని రాయించింది. కారణం లేదని వెనక్కి వచ్చింది. గడి నిండితేనే ఫైలు మూస్తుంది, ఫైలు మూస్తేనే డ్యూటీ."

"ఆపనిదానికి కారణం ఎక్కణ్ణుంచి తెస్తుందండీ? తీగబండి మూడు సెకన్లు ఊపిరి బిగపడితే ఊరంతా అల్లాడింది. ఈవిడ పదిరోజులుగా బిగపట్టుకుని కూర్చుంది!"

"నాకు మాత్రం తెలీదా మేడమ్? నేనేం చేసేది? నా కంప్యూటరు ఒప్పుకోదు."

సువర్చలకు అరవాలనిపించింది. అరవలేదు. కీబోర్డు తనవైపు లాక్కుని ఆ గడిలో రాసింది: 'ఆపింది చిలకమ్మ కాదు, నేను. నా కోడ్‌లో తప్పు.' కింద తన పేరు.

గడి నిండింది. ఫైలు మూసుకుంది. చిలకమ్మ గడప దాటి తన కుర్చీలో కూర్చుంది. వెంటనే, చిత్తగించండి, కంప్యూటరు ఇంకో ఫైలు తెరిచింది. తప్పు ఒప్పుకున్న వ్యక్తిపై విచారణ. అది ముగిసేవరకు నాడిని ఏ యంత్రం మీదా వాడరాదు, సదరు వ్యక్తి స్టేషన్‌లో అందుబాటులో ఉండవలెను. లోకంలో ప్రతి యంత్రాన్నీ మాట్లాడించాలనుకున్న మనిషి, వరండాలో అదే బల్లమీద నోరు మూసుకుని కూర్చుంది. ఆ రోజు గడిచింది. మర్నాడూ కూర్చుంది.

మూడోనాడు మధ్యాహ్నం చిలకమ్మ అన్నం పట్టుకొచ్చింది.

"నిన్నేటడిగినారమ్మా?"

"ఎందుకాపావని."

"సెప్పినావా?"

"చెప్పాను."

"మరి ఎల్లమననేదా?"

"ఇంకా లేదు."

చిలకమ్మ క్యారేజీ బల్లమీద పెట్టి, తిన్నగా త్రినాథరావు గదిలోకి వెళ్ళింది. "బాబూ, అడిగినావు. ఆయమ్మ సెప్పింది. ఇంక ఎల్లమను."

"ఫైలు ఇంకా..."

"ఫైలే కూకుంటాది కదా బాబూ, మనిసెందుకు?"

త్రినాథరావు తెరను చూశాడు, చిలకమ్మను చూశాడు. ఆ మాటకు గడి ఏదీ లేదు. లేచి వరండాలోకి వచ్చి, ముప్ఫైఏళ్ళ సర్వీసులో మొదటిసారి, ఏ ఉత్తర్వూ లేకుండా అన్నాడు.

"వెళ్ళిరండి మేడమ్."

సువర్చల అన్నం తిని, మధ్యాహ్నం బస్సెక్కింది. నాడి ఫైలు ఆ తరవాత ఏడాదిన్నర నడిచింది.

నాయనలారా, తల్లులారా, ఇవాళ ఇక్కణ్ణుంచి లేచి వెళ్ళేటప్పుడు త్రినాథరావు చేసిన ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీరూ ఎవరినో ఏదో అడగడానికి నిలబెట్టి ఉంటారు. ఆఫీసులో కావచ్చు, ఇంట్లో కావచ్చు, మనసులో కావచ్చు. జవాబు వచ్చిందా సరే, రాలేదా సరే. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీ నోటితో మీరే, వెళ్ళిరమ్మని చెప్పండి.