గోలీ మిషన్ తట్టేది

ఎనభైల చివర్లో సిరిసిల్ల సినిమా హాలు పక్క సందుకు పాడు పేరు వచ్చింది. చీకటి పడితే ఎంత మొనగాడైనా సైకిలు అటు తిప్పేవాడు కాదు. మూతబడ్డ ఆటల దుకాణం షట్టరును లోపలి నుంచి ఎవరో తడతారట... చనిపోయిన అంతయ్యే అనేవారు జనం.

నేను నమ్మనంటే, మిషన్లు బాగుచేసే పర్శరాములు నా మీదికి తన్నుకొచ్చినంత పనిచేసి ఇదంతా చెప్పాడు.

ఆ దుకాణం చొక్కారావుది. అందులో ఒక గోలీ మిషన్ ఉండేది. మీట లాగితే ఇనుప గోలీ పైకి పోయి, బొడిపెలకు కొట్టుకుంటూ దొర్లేది. అది తగిలిన చోటల్లా ఒక దీపం వెలిగేది. దీపాలన్నీ వెలిగితే కోట తలుపు తెరుచుకుంటుంది. ఊళ్లో ఎవడూ తెరిపించలేదు. మరమగ్గం నడిపే అంతయ్య ఒక్కడే ఆఖరి దీపం దాకా వచ్చాడు.

పక్క మగ్గం నడిపే దోస్తు లక్ష్మీరాజానికి కడుపు మండింది. ఆ సాయంత్రం అంతయ్య ఇద్దరికీ చాయ తేవడానికి పోయాడు. చొక్కారావు మిషన్ అద్దం ఎత్తి తుడుస్తూ అటు తిరిగాడు. లక్ష్మీరాజం గోలీ తీసి జేబులో వేసుకున్నాడు. రేపు ఇచ్చేద్దామనుకున్నాడు.

తెల్లారి చొక్కారావు నలుగురిలో అంతయ్య అంగీ పట్టుకున్నాడు.

"నిన్న ఆఖరుకు ఆడింది నువ్వే. గోలీ ఏడ వెట్టినవ్‌ర?"

"నేను తియ్యలే దొరా... మా రాజంను అడుగున్రి, నా పక్కకే ఉన్నడు."

లక్ష్మీరాజం నోరు విప్పలేదు.

అంతయ్య ఆ అవమానంతో ఊరు విడిచి, మగ్గాల పనికి భీవండి బస్సెక్కాడు. అక్కడ జ్వరమొచ్చి పోయాడని కబురొచ్చింది. గోలీ లేక మిషనూ మూలపడింది, దుకాణమూ మూతబడింది. గోలీ మాత్రం లక్ష్మీరాజం మగ్గం దగ్గరి నూలు కండెల డబ్బాలోనే ఉంది. కండె మార్చినప్పుడల్లా చేతికి చల్లగా తగిలేది. దాన్ని పారేయలేకపోయాడు, ఇవ్వనూలేకపోయాడు.

ఒక రాత్రి కరెంటు పోయింది. ఊళ్లో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పని లేక ఇంటికి బయల్దేరిన లక్ష్మీరాజం ఏదో ఆలోచనలో ఆ సందులోకి మళ్లాడు.

టక్... టక్...

ఆగింది. మళ్లీ — టక్.

లక్ష్మీరాజం షట్టరుకు మొహం ఆనించి గుసగుసగా అన్నాడు, "అంతయ్యా... తీసింది నేనేర..."

తట్టడం ఆగింది. లక్ష్మీరాజం వెనక్కి చూడకుండా ఉరికాడు.

మర్నాడు గోలీ తెచ్చి చొక్కారావు కాళ్ల మీద పడ్డాడు. చొక్కారావు గోలీ మళ్లీ వేయించడానికి పర్శరాములును పిలిపించి షట్టరెత్తాడు. మిషన్ స్విచ్ వేసే ఉంది!

పర్శరాములు పకపకా నవ్వాడు.

"దయ్యం లేదు గియ్యం లేదు. గోలీ తగిలితెనే అది ఏడున్నదో దీనికి ఎరుకైతది. శానసేపు ఏం తగలకుంటె, గోలీ ఏడనో ఇరికిందని లోపలి మీటలన్ని కొట్టుకుంట ఎతుకుతది. స్విచ్ బందు చెయ్యక మీరే పరేషానైన్రు."

లక్ష్మీరాజానికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మొహం పాలిపోయింది.

"అన్నా... కరెంటు లేకున్నా కొడ్తదా?"

"కరెంటు లేకుంటె ఉత్త డబ్బానే. ఎట్ల కొడ్తది?"

"కరెంటు పోయి మగ్గాలు ఆగినంకనే నాకు ఇనబడ్డది," అన్నాడు లక్ష్మీరాజం. "తీసింది నేనేనన్నంక... ఆగింది."