వెనక కూర్చున్నావిడ తప్పు

పొద్దున్నే పొయ్యి వెలిగించి, చిట్టి ఎడమచేత్తో గ్లాసులు కడుగుతోంది. కుడిచెయ్యి తడి తువ్వాలులా వేలాడుతోంది. స్కూటరు ప్రమాదంలో నరాలు తెగాయి, ఇక కదలదని డాక్టర్లు తేల్చేశారు. వీధిలో సగం మందికి బట్టలు కుట్టిన చెయ్యి అది. ఆ రాత్రి ఏం జరిగిందో మాత్రం ఆమెకు ఒక్క ముక్క గుర్తులేదు.

అప్పుడే గోడ మీద గుండ్రటి వెలుగు పడింది. సందులో బండి చప్పుడేమీ లేదు. వెలుగు మెల్లగా జరుగుతూ వెళ్లి అత్తగారి గది తలుపు దగ్గర ఆగింది. ఆ క్షణంలోనే చచ్చుబడిన చేతి బొటనవేలు టక్కున వంగింది. వెలుగు ఆరిపోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఇదే వరస. చెబితే మతి చలించిందంటారని చిట్టి ఎవరికీ చెప్పలేదు.

"వకీలమ్మ ఫోన్ చేస్తానంది," అన్నాడు మొగుడు, ఆమె మొహంలోకి చూడకుండా. బస్సుల షెడ్డులో మెకానిక్కు అతను.

"చెయ్యదూ మరి! ఊళ్లో బళ్లన్నీ బాగుచేసే మహానుభావుడు, సొంత బండికి లైటు ఆపుకుని కారుకి ఎదురెళ్లాడు. నీ నిర్వాకానికి కింది కోర్టులో నా పరిహారం సగం కోసేశారు."

అతను తల దించుకున్నాడు. ఏళ్లుగా అంతే, ఎన్నన్నా పడతాడు. అదే ఆమెకు ఒళ్లు మండించేది.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు.

"ఇవాళే అప్పీలు విచారణ. నడిపినవాడి తప్పుకి వెనక కూర్చున్నావిడ డబ్బు కోయకూడదు. అదే మన వాదన. అవతలి వకీలు మెలిక పెడతాడు కాబట్టి అడుగుతున్నా, లైటు ఆపింది మీరేగా?"

"నేనేనండీ."

"ఎందుకాపారు?"

"సందు మలుపులో వెలుగు మా అమ్మ కిటికీలో పడుతుందండీ. ఆవిడ నిద్ర పాడవుతుందని..."

గోడ మీద మళ్లీ వెలుగు పడింది. ఎప్పుడూ రోజుకి రెండోసారి రాలేదది. చిట్టి ఈసారి చూపు తిప్పుకోలేదు. బొటనవేలు వంగింది, వెలుగు ఆరిపోయింది. ఆ రాత్రి గుర్తొచ్చింది. అతని నడుం చుట్టూ ఎడమచెయ్యేసి, ముందుకు వంగి, రోజూ మలుపులో కుడి బొటనవేలితో లైటు స్విచ్చి నొక్కింది తనే. 'నువ్వు మర్చిపోతావ్, నేనున్నాగా' అనేది కూడా.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నేనే ఆపాను కదూ?"

అతను గబుక్కున ఫోన్ మీద అరచెయ్యి మూశాడు. "మెల్లగా! ఆవిడ వింటుంది. నువ్వని తెలిస్తే కోత ఖాయం చేస్తారే."

"ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెయ్యి పోయింది చాలదా? తప్పు కూడా నీ నెత్తినెందుకు?"

గది తలుపు తెరుచుకుంది. అత్తగారు గోడ పట్టుకుని నిలబడింది. "కళ్లల్లో వెలుగు పడుతోందే చిట్టీ అని నీకు చెప్పింది నేనే. వీడు ఒట్టేయించుకుని నా నోరు కట్టేశాడమ్మా," అంటూ భోరుమంది.

"హలో? ఉన్నారా?" అంటోంది వకీలమ్మ.

చిట్టి అతని చేతిని పక్కకు తీసింది. కన్నీళ్లు చెంపల మీదుగా జారుతుంటే ఫోన్ మీదికి వంగింది.

"వకీలమ్మా, లైటు ఆపింది నేను. మా ఆయన కాదు. అలాగే చెప్పండి."

ప్రమాదం రోజు కూడా ఏడవని మనిషి, గోడకి ఆనుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.