బొత్తాం పెట్టిన కోటు

"మీ బావ ద్రోహి," అన్నాడు ఛీఫ్, ఫొటోని టేబుల్ మీదికి విసురుతూ.

ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఫొటో. చుట్టూ తెల్ల అంచు, కింద కాస్త వెడల్పుగా. రేవు దగ్గర చెక్కవంతెన మీద రహస్య సంకేతాలు చూసే సైఫర్ రూమ్ ఆఫీసర్ నిలబడి, శత్రు ముఠా కొరియర్‌కి కవరు అందిస్తున్నాడు. ఆ ఆఫీసర్ ఏజెంట్ పిచ్చుకకి స్వయానా అక్క మొగుడు.

"ఎవరు తీశారు సార్?"

"నెమలి."

పిచ్చుక పళ్లు కొరికాడు. నెమలి డిపార్ట్‌మెంట్‌లోకెల్లా అందమైన ఏజెంట్. ఆమె నడిచొస్తే మెటల్ డిటెక్టర్ కూడా మోగడం మరిచిపోతుందని ఆఫీసులో జోకు. ఆమెకీ పిచ్చుకకీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ.

"ల్యాబ్‌కి పంపారా?"

"ఎందుకు పంపాలి? డిజిటల్ అయితే పంపేవాణ్ణి. ఈ రోజుల్లో ఫోనున్న ప్రతివాడూ గాడిదకి కిరీటం పెట్టగలడు. అందుకే సాక్ష్యమంటే ఇన్‌స్టంట్ ఫిల్మే అని రూలు పెట్టాను. కెమెరాలోంచి నేరుగా బయటికొస్తుంది. మధ్యలో కంప్యూటర్ లేదు. ఫిల్మ్‌కి టెస్ట్ లేదు."

"రూలు తప్పయితే?"

"నా రూలు తప్పు కాదు. మధ్యాహ్నం కమిటీ కూర్చుంటుంది. మీ బావ కుర్చీ నెమలికి ఇస్తున్నాం. స్కానర్ మీద ఆమె బొటనవేలు పడగానే సరిహద్దు అవతలున్న మనవాళ్లందరి పేర్లూ, అడ్రసులూ ఆమెకి తెరుచుకుంటాయి. నువ్వు బంధువువి. లీవ్ మీద పో. మళ్లీ గేటు దాటి లోపలికొచ్చావో, మీ బావ పక్కనే కూర్చోబెడతాను."

పిచ్చుక సెల్యూట్ చేయలేదు. చొక్కా గుండీలోని కెమెరాతో ఆ ఫొటోకి కాపీ తీసుకుని బయటపడ్డాడు.

అక్క ఆ కాపీని ఫోనులో పెద్దది చేసి చూసింది. ఏడుస్తుందని భయపడ్డాడు. ఆమె చరచరా వెళ్లి కిటికీ మూసి వచ్చింది.

"ఒరేయ్, ఇది మోసంరా. బట్టతల ఇప్పటిది. నడుము పెళ్లినాటిది."

"ఏంటక్కా?"

"కోటు బొత్తాం పెట్టి ఉంది చూడు. అది పెళ్లికి కుట్టించిన కోటు. మా పెద్దాడు పుట్టినప్పటినుంచీ ఆ బొత్తాం పడితే ఒట్టు. ఆయన ఊపిరి బిగబట్టి, నేను రెండు చేతులా లాగినా పడదు. పాత ఫొటో ఏదో సంపాదించి తల అతికించారు."

"నిజమే. కానీ ఈ మాట కమిటీకి చెబితే నవ్వుతారు."

"నవ్వితే పళ్లు కనబడతాయి, అంతేగా. ఆ టక్కులాడి ఇది ఎక్కడ చేయించిందో పట్టుకో. మీ ఛీఫ్ నీకు లీవిచ్చాడు. నేను డ్యూటీ వేస్తున్నా. మీ బావ లేకుండా నా గుమ్మం తొక్కావో, చూడు మరి."

ఛీఫ్ ఆర్డర్‌నైనా తిరగదోడొచ్చు కానీ అక్క ఆర్డర్‌కి అప్పీల్ లేదు.

నెమలి తరచుగా వెళ్లే చోటు పిచ్చుకకి తెలుసు. అదొక ఫొటో ఫ్రేముల షాపు. వెనక గదిలోకి వెళ్లేముందు ఆమె ఆడే వింత బేరం ఏమిటో కూడా పెన్నులో దాచిన మైకు ఎప్పుడో వినిపించింది. పడని మనిషి మీద ఓ కన్నేసి ఉంచడం అతని అలవాటు. విగ్గు పెట్టి, గుబురు మీసం అంటించుకుని షాపులోకి నడిచాడు.

"అద్దం లేని ఫ్రేము కావాలి."

కౌంటర్ వెనక మనిషి తలెత్తలేదు. "దుమ్ము పడుతుంది."

"దులుపుకుంటాం."

వాడు వెనక గది తలుపు తీశాడు. అప్పుడు చూశాడు మీసాన్ని. చెమటకి ఒక కొస ఊడి వేలాడుతోంది. వాడు కత్తెర అందుకున్నాడు, పిచ్చుక గోడ మీది పెద్ద ఫ్రేము అందుకున్నాడు. ఫ్రేము వాడి తలమీదుగా మోచేతుల దాకా దిగింది. ఆ తర్వాత వాణ్ణి కట్టేయడానికి తాడు కూడా పెద్దగా పట్టలేదు.

వెనక గదిలో ఒక ల్యాప్‌టాప్, దాని పక్కన టిఫిన్ డబ్బా అంత పెట్టె ఉన్నాయి. కంప్యూటర్‌లో అతికించిన బొమ్మని ఆ పెట్టె వెలుగుతో ఫిల్మ్ మీదికి దించుతుంది. బయటికొచ్చేది నూటికి నూరుపాళ్లూ అసలు ఫిల్మే. అబద్ధమంతా దాని మీదున్న బొమ్మలో ఉంది. పిచ్చుక ఒకటి ప్రింట్ చేసి చూశాడు. లోపల ఏ దీపం చెడిందో, బొమ్మ కుడి అంచున వెంట్రుకంత ఆకుపచ్చ గీత పడింది. బావ ఫొటో కాపీలోనూ అక్కడే అదే గీత.

రుజువు దొరికింది. కానీ ఫిల్మ్‌కి టెస్టే లేదన్నవాడు అంచు చూస్తాడా? మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇక్కడ రాజే మొండివాడు. పిచ్చుక ఒళ్లు మండిపోయింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంకో ఫొటో తయారు చేశాడు.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో, పనిముట్ల సంచితో అతను కమిటీ గదిలోకి దూసుకొచ్చేసరికి నెమలి స్కానర్ దగ్గరికి నడుస్తోంది. నీలం పట్టు కోటు, పెదాల మీద చిరునవ్వు. స్కానర్ బల్ల పక్కన బావ సంకెళ్లతో కూర్చున్నాడు. ఒంటిమీద ఆ పెళ్లికోటే, బొత్తాలు బార్లా తెరిచి.

"గార్డ్స్!" అరిచాడు ఛీఫ్.

"పట్టుకుందురు గానీ, ముందు ఇది చూడండి." పిచ్చుక ఫొటో విసిరాడు.

అదే రేవు, అదే కొరియర్. కవరు అందిస్తున్నది మాత్రం నెమలి.

ఛీఫ్ ఫొటోని తిప్పి తిప్పి చూశాడు. "ఇది... ఫిల్మేనా?"

"ఫిల్మే సార్. ఫిల్మ్‌కి టెస్ట్ లేదు కదా. అరెస్ట్ చేయండి."

"ఇది ఫేక్!" నెమలి గొంతు చీరుకుపోయింది. "కంప్యూటర్‌లో అతికించి ఫిల్మ్ మీద దించాడు, దొంగవెధవ!"

"అయ్యో, అలా దించొచ్చా?"

"ఎందుకు దించకూడదు? చిన్న పెట్టె చాలు!"

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. పిచ్చుక సంచిలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ పెట్టేనా? రెండు ఫొటోలకీ కుడి అంచు చూడండి సార్. ఒకే ఆకుపచ్చ గీత. ఒక తల్లి పిల్లలు."

ఛీఫ్ రెండూ పక్కపక్కన పెట్టి వంగి చూశాడు. తన రూలు తన కళ్లముందే చచ్చిపోయింది.

నెమలి ఉంగరం రాయి నొక్కింది. గదంతా పొగ కమ్మింది. ఆమె బొటనవేలు చాచి స్కానర్ మీదికి దూకింది. దగ్గులు, కుర్చీలు పడ్డ చప్పుళ్లు. పిచ్చుక అటు పరిగెత్తాడు కానీ అందేంత దూరంలో లేడు.

పొగ విడిపోయింది. సంకెళ్ల చేతులు పైకెత్తి, బావ స్కానర్‌కి అడ్డంగా నిలబడి ఉన్నాడు. నెమలి బొటనవేలు ఆయన పొట్టలో దిగబడి ఉంది. స్కానర్‌కి జానెడు దూరంలో.

గార్డులు ఆమెని లాక్కుపోయారు. "నిన్ను వదలను," అంది గుమ్మంలో.

"సరే, క్యూలో నిలబడు," అన్నాడు పిచ్చుక.

ఛీఫ్ స్వయంగా సంకెళ్లు విప్పాడు. క్షమించమని మాత్రం అడగలేదు. బావ మణికట్లు రుద్దుకుంటూ ఆ దొంగఫొటో అందుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నాకిస్తారా సార్? మా ఆవిడకి చూపించాలి. నడుము చూడండి, ఎంత బాగుందో."

"అది సాక్ష్యం. ఇవ్వడం కుదరదు."

బావ నిట్టూర్చి పెట్టె వైపు తిరిగాడు. "అయితే అందులో ఇంకోటి తీయించండి. ఈసారి జుట్టు కూడా పెట్టించండి."