గనిలో ఎర్రకన్ను

బనగానపల్లె అవతల నాపరాళ్లు తవ్వి తవ్వి, ఇక రాయి రాదని వదిలేసిన గని ఒకటుంది. పొద్దు మునిగినాక ఆ అంచు దారిన ఎవరూ పోరు. పోక తప్పనివాళ్లు గుంతవైపు చూడరు.

గుంతలో సగం లోతున, రాతి పొరల మధ్య, ఒక కన్ను ఉంది. ఎర్రటి కన్ను. ఒకటే… రెప్ప ఆర్పదు.

నిరుడు ఉగాది పోయిన పది దినాలకు ఉరుకుందప్ప ఆ గనిలోనే పడి చచ్చిపోయినాడు. రాత్రి వంతు కరెంటు వస్తే మోటారు వేయడానికి చేనుకు పోతూ పడ్డాడు. కన్ను అతనిదేనని ఊరు తీర్మానించేసింది. నాలాంటి ధైర్యవంతులు పట్టపగలు కూడా ఆ దారి వదిలి మైలు దూరం చుట్టు తిరిగి పోతారు. అడిగితే, నడక ఒంటికి మంచిదంటారు.

ఈ సంగతి జయపాల్ చెవిన పడినప్పుడు అతను నవ్వినాడు. తర్వాత నవ్వు ఆపేసినాడు.

జయపాల్‌ది బస్టాండు పక్కన సెల్‌ఫోన్ల రిపేరు అంగడి. రిపేరు కడుపు కోసం. ప్రాణం మాత్రం టార్చిలైట్ల మీద. టార్చి లోపల రూపాయి బిళ్లంత బోర్డు ఒకటి ఉంటుంది, దాన్ని డ్రైవరు అంటారు. బ్యాటరీ నుంచి దీపానికి ఎంత కరెంటు పోవాలో కొలిచి పంపేది అదే. ఆ బోర్డు మీద చీమ తలంత చిప్పు, చిప్పులో ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం రాసినోళ్లు ఎక్కడో మంచు కురిసే దేశాల్లో ఉంటారు. రాసి, ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, మాకు పైసా వద్దు అని ఇంటర్‌నెట్‌లో పెట్టేస్తారు. జయపాల్ ఆరు నెలలు ఇంగ్లీషుతో కుస్తీ పట్టి, నాలుగు చిప్పులు మసి చేసి, ఐదో దాంట్లో ఎక్కించినాడు. ఆ రాత్రి ఇంటి గోడ మీద వెలుగు పెంచుతూ తగ్గిస్తూ కూర్చుంటే, పెండ్లాం అనింది: "లోకానికంతా వెలుగు చూపిస్తాండావు. బాత్‌రూములో బల్బు పోయి నెలైంది."

అట్లా చేసిన మొదటి మంచి టార్చిని ఉరుకుందప్పకు ఇచ్చినాడు. డిసెంబర్‌లో, చలికాలంలో. అన్నా అని పిలిచేది ఊరికే కాదు. నాయన పోయినప్పుడు అంగడి అద్దె కట్టి నిలబెట్టినవాడు ఉరుకుందప్ప. ఆ టార్చి బటన్ చుట్టూ చిన్న దీపం పెట్టినాడు జయపాల్. టార్చి ఆర్పి పెట్టినా అది సన్నగా వెలుగుతూనే ఉంటుంది, చీకట్లో టార్చి యాడుందో వెతుక్కోకుండా. బ్యాటరీ నిండుగా ఉంటే ఆకుపచ్చ, సగమైతే పసుపు, అడుగంటితే ఎరుపు.

ఎరుపు!

అందుకే నవ్వు వచ్చింది. అందుకే ఆగిపోయింది కూడా. శవం దొరికిన దినం టార్చి మాత్రం దొరకలేదు. ఎట్లా పడినాడని పది మంది అడిగితే జయపాలే చెప్పినాడు, చార్జింగు లేకుండా పట్టుకుపోయింటాడు, దారి మధ్యలో ఆరిపోయింటాది అని.

మహాశివరాత్రి ముందు వారం, ఉరుకుందప్ప భార్య సుంకులమ్మ అంగడికి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"మీ అన్న కన్ను ఎర్రగైందంట, జయపాలూ."

"దెయ్యం లేదు ఏం లేదు వదినా. అది టార్చి…"

"నామీదే కోపం ఆయప్పకు." ఆమె వినలేదు. "దినామూ సాయంత్రం చార్జింగు పెట్టేది నేనే. ఆ పొద్దు తీగ గుచ్చినా, అది గుర్తుండాది. స్విచ్చి ఏసినానో లేదో…" ఆమె చూపు అంగడి గోడ మీది స్విచ్చి మీదికి పోయింది. "పది నెల్లు ఆలోచిస్తాండా. రోజూ రాత్రి లేసి ఆ స్విచ్చి కాడికి పోయి చూస్తా. ఏసినట్టు గుర్తొస్తాది. మళ్లా ఏయనట్టు గుర్తొస్తాది."

జయపాల్ చేతిలో సోల్డరింగు కడ్డీ చల్లారిపోయింది. తను ఊరికే, పది మందికి జవాబు చెప్పడానికి అన్న మాట… ఈమె దాన్ని పది నెలలు మింగుతూ ఉంది.

"ఈ రాత్రి పోయి తెస్తా వదినా. చేతికిస్తా. దెయ్యం కాదని నువ్వే చూడు."

"నేనూ వస్తా."

"నీకెందుకమ్మా…"

"మొగుడు నావాడు. నేనూ వస్తా."

దారి చూపడానికి కంబన్న దొరికినాడు. గొర్రెలు మేపేవాడు, గని అంచు అరచేతి గీతల్లా తెలిసినవాడు. దెయ్యమంటే భయం లేదా అని అడిగితే, "నా గొర్రెల్ని రోజూ లెక్కపెట్టే పెండ్లాం ఇంట్లో ఉండాది, నాకు బయట ఇంకేం భయమప్పా" అన్నాడు.

చేరేసరికి ఎనిమిదైంది. చందమామ లేదు. ముళ్లకంప దాటి అంచు దగ్గర నిలబడినారు. జయపాల్ చేతిలోని టార్చి ఆర్పేసినాడు.

చీకటి… 

అప్పుడు కనిపించింది. కింద, మూడో మెట్టు రాతి పొరల సందులో. చిన్నది. ఎర్రది. కదలకుండా తమనే చూస్తూ…

సుంకులమ్మ రెండు చేతులూ జోడించింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నదో వినపడలేదు, వినాలనీ జయపాల్‌కు లేదు.

ఆమెను పైనే, అంచుకు కొంచెం ఎడంగా ఉండమని, కంబన్న తాడు పట్టుకుంటే, రాయి తవ్విన మెట్ల మీదుగా జయపాల్ దిగినాడు. ఒకటి… రెండు… మూడో మెట్టు మీద బోర్లా పడుకుని సందులో చెయ్యి పెట్టినాడు. వేళ్లకు చల్లని లోహం తగిలింది.

టార్చి. తన టార్చే. అద్దం పగిలింది, బటన్ చుట్టూ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"దొరికిందా?" పైనుంచి కంబన్న గుసగుసగా అడిగినాడు.

"దొరికింది. చూడు, ఎరుపు. చార్జింగు లేదనేకి ఇదే సాక్ష్యం." మనసులో మాత్రం ఒక లెక్క కుదరలేదు. అడుగంటిన బ్యాటరీతో పది నెలలు ఎట్లా వెలిగింది? కుదరని లెక్కను పక్కకు తోసేయడం అతనికి ఆ పది నెలల్లో బాగా అలవాటైంది.

"ముందు ఎరుపు కాదప్పా," అన్నాడు కంబన్న.

"ఏంది?"

"ఎరుపు ఈ నెల్లోనే. అంతకు ముందు పసుపు. ఆయప్ప పోయిన మర్నాడు రాత్రి నేను చూసినప్పుడు ఆకుపచ్చగా ఉండె. గరిక మాదిరి పచ్చన. ఏ పామో మణి దించిందనుకొని ఎవురికీ చెప్పలే. చెప్తే మీరందరూ మణి కోసం ఈడ పడి సచ్చిపోతారని."

జయపాల్ ఆ రాతి మీదే కూర్చుండిపోయినాడు.

ఆకుపచ్చ.

నిండు బ్యాటరీ.

మరి ఎందుకు ఆరింది?

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా అబద్ధమే. ఎప్పుడూ మరిచిపోలేదు… దానివైపు చూడలేదు, అంతే. చావడానికి రెండు దినాల ముందు ఉరుకుందప్ప అంగడికి వచ్చినాడు. "ఏమప్పా, నీ టార్చి చలికాలమంతా సూర్యుడి మాదిరి ఉండె. ఇప్పుడు నిమిషం గాకముందే మసకైతాంది. ఆర్పి మళ్లా ఏస్తే కొంచేపు బాగుంటాది." జయపాల్ ఎవరిదో ఫోన్ డిస్‌ప్లే అతికిస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "చార్జింగు సరిగా పెట్టించుకో అన్నా."

బటన్ వరుసగా నొక్కినాడు. ఏ వేడి దాటితే వెలుగు తగ్గించుకోవాలో ఆ ప్రోగ్రాంలో ఒక అంకె ఉంటుంది. అడిగితే టార్చి మెరుపుల్లో చెబుతుంది.

పగిలిన అద్దం వెనక దీపం మెరిసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఆగింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు… అయిదు.

నలభై అయిదు డిగ్రీలు. మంచు దేశపోళ్లు తమ చేతులు కాలకుండా పెట్టుకున్న అంకె. చిప్పులు మసి చేసి, ఇంగ్లీషు నేర్చి, బటన్‌కు రంగులు దిద్దినవాడు ఆ ఒక్క అంకెను మన ఎండకు మార్చలేదు. ఏప్రిల్‌లో చీకటి పడినాక కూడా నాపరాయి పెనంలా సెగ కక్కుతుందని ఆ ప్రోగ్రాంకు ఎవరు చెప్పాలి? నిమిషానికి ఒళ్లు కాగింది. తన్ను తాను కాపాడుకోవడానికి టార్చి వెలుగు తగ్గించుకుంది.

మసకైన టార్చిని ఎవరైనా ఏం చేస్తారు? ఆర్పి, మళ్లీ వేస్తారు.

ఆ ఆర్పడానికీ వేయడానికీ మధ్య… ఒక్క అడుగు.

చేతిలోని ఎర్రదీపం ఒకసారి వణికి ఆరిపోయింది. పది నెలలు మిగిలిన చివరి బొట్టు ఆ తొమ్మిది మెరుపులకు సరిపోయింది.

ఎట్లా పైకి ఎక్కినాడో తెలియదు. కంబన్న తాడు చుట్టుకుంటూ నాలుగడుగులు ముందుకు పోయినాడు. సుంకులమ్మ నిలబడిన చోటే ఉంది. చీకట్లో ఆమె ముఖం కనపడకపోవడం అతనికి మేలైంది.

"వదినా…"

"చెప్పు."

"ఆ పొద్దు నువ్వు స్విచ్చి ఏసినావు. బ్యాటరీ నిండుగా ఉండె."

ఆమె నుంచి ఒక శబ్దం వచ్చింది. పదిమందిలో, శవం ముందర, కర్మ దినాన కూడా ఏడవని మనిషి. ఏడ్చే హక్కు తనకు లేదనుకుని పది నెలలు బిగబట్టిన మనిషి. నేలమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గని గోడలు ఆ ఏడుపును అటూ ఇటూ మోసినాయి. దూరంగా కంబన్న ఆగిపోయి, వెనక్కి రాలేదు.

శానాసేపటికి ఆమె అడిగింది: "మరి తప్పు ఎవురిది?"

జయపాల్ జేబులో ఇంకో టార్చి ఉంది. దాన్ని వెలిగించలేదు. దాంట్లోనూ అదే అంకె.

"నాది," అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూసినాడు. గాలి ఆగిపోయింది. ఏ దెయ్యమో వచ్చి తోసినా మేలే అనిపించింది, అంచు ఎటువైపుందో కూడా తెలియని ఆ చీకట్లో అతను ఒక అడుగు వెనక్కి వేసినాడు…

గాజులు లేని చెయ్యి ఒకటి గట్టిగా అతని మణికట్టు పట్టుకుంది.

"అటు గాదు," అనింది సుంకులమ్మ. "అటు గుంత ఉండాది. నా వెనకాలే రా."