వాకిట్లో చూసి ఇచ్చే దారం

కాఫీ గ్లాసులు ఇంకా కడగనే లేదు, అతను సంచీ సర్దడం మొదలుపెట్టాడు. రెండు చొక్కాలు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను, అడుగున దుప్పటి. జిప్పు సగంలో ఇరుక్కుంటే మోకాలితో అదిమి లాగాడు. మధ్యాహ్నం రెండున్నరకు బస్సు. దూరపు ఊళ్ళో, ఒక గోదాములో సరుకు దించే పని దొరికింది.

ఇంటి ముందుగదే వాళ్ళ దుకాణం. దారాలు, గుండీలు, హుక్కులు, లేసులు అమ్ముతారు. పెద్దవీధిలో మూడంతస్తుల కొట్టు వచ్చాక ఇక్కడికి రోజుకు నలుగురు వస్తే గొప్ప. మూసేసి గదిని అద్దెకిద్దామని అతను వారం నుంచీ పోరుతున్నాడు. అతని తల్లిదీ కొడుకు మాటే. భార్య మాత్రం కుదరదంది. ఆ పొద్దున్న అతను అట్టముక్క మీద ‘గది అద్దెకు కలదు’ అని రాసి గుమ్మం పక్కన తగిలించేశాడు.

“నేను వెళ్ళాక ఒక్కదానివీ ఈ గుండీలకు కాపలా కూర్చుంటావా?” అన్నాడు.

“కూర్చుంటాను.”

“ఎవరొస్తారని?”

అంతలోనే వీధి చివర బట్టలు కుట్టే మిషనక్క వచ్చింది. నేరేడు రంగు గౌను గుడ్డ చూపించి, అందులో కలిసిపోయే దారం కావాలంది. కోడలు బల్బు కిందే రెండు రీళ్ళు పోల్చి ఒకటి చేతిలో పెట్టింది. మామగారి నాటి నుంచి ఆ కొట్టుకొక పద్ధతి ఉంది. గుడ్డనూ దారాన్నీ వాకిట్లోకి తెచ్చి, ఎండ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాకే ఇస్తారు. ఆ పూట ఆమెకు అది గుర్తే రాలేదు.

ఒంటిగంటకు మిషనక్క గౌను పట్టుకుని తిరిగొచ్చింది. ఒక పక్కంతా కుట్టేసింది. నేరేడు రంగు మీద వంకాయ రంగు దారం చారలా కనిపిస్తోంది. ఉన్న ఒక్క బేరమూ పోయిందని అత్తగారు లోపలి నుంచి గొణిగింది. కోడలు గబగబా లేచింది. తప్పు నాదేనక్కా, నేనే విప్పి ఇస్తానంటూ చెయ్యి చాచింది.

మిషనక్క గౌను ఇవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఇరవై ఏళ్ళలో ఈ కొట్లో రంగు తప్పడం నేనెరగను. ఇవాళ తప్పిందంటే మీ ఇంట్లో ఏదో అయిందనుకున్నా. దారం కోసం రాలేదమ్మాయ్, నిన్ను చూసి పోదామని వచ్చా.”

అప్పుడు మిషనక్క కంట అట్టముక్క పడింది. మెడ సాచి చదివింది.

“పెద్దకొట్లో అడిగితే ఆ పిల్ల రీలు మీద నంబరు చూపిస్తుంది. నేను నంబరు కుడతానా, గుడ్డ కుడతానా?” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “మా ఆయన చనిపోయిన ఏడాది మిషను ముట్టబుద్ధయ్యేది కాదు. పొద్దున్నే వీధిలోకొచ్చి మీ తలుపు తీశారా అని చూసేదాన్ని. తీసి ఉంటే, సరేలే అని నేనూ మిషను మీద గుడ్డ తీసేదాన్ని. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.”

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు లోపలి నుంచి వచ్చి, మిషనక్క ఒళ్ళోంచి గౌను తీసుకుని, బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పసాగింది. చత్వారపు కళ్ళు, పైగా నీళ్ళు నిండాయి. గుడ్డ తెగుతుందేమో చూసుకోమని మిషనక్క నవ్వబోయి తనూ ఏడ్చింది.

గడప దగ్గర నిలబడి అతను అంతా విన్నాడు. అట్టముక్క లాగి రెండుగా చింపాడు. రీళ్ళ పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టాడు. భార్య గుడ్డ పట్టుకుంటే ఒక్కొక్క రీలే పక్కన ఆనించి చూసి, “ఇదీ” అన్నాడు. సరిగ్గా అదే రంగు.

“తలుపు తియ్యడం మానకు. ఆరు నెలలు నేనక్కడ నెట్టుకొస్తాను. తర్వాత ఇద్దరం కొట్లో కూర్చుందాం,” అన్నాడు.

మీరు వేళకు తినండి చాలు, అందామె. రెండున్నర బస్సుకు అతను వెళ్ళిపోయాడు.

అతను తిరిగి రాలేదు. వెళ్ళిన నాలుగో నెల, పదకొండో తారీఖు మధ్యాహ్నం, గోదాములో బస్తాల వరుస తన మీద కూలిపడడంతో చనిపోయాడు.