ఆయుధపూజ చేసిన పెన్‌డ్రైవ్

“ఈ పెన్‌డ్రైవ్‌కి బొట్టు ఎవరు పెట్టారు?”

నేను అరిచిన అరుపుకి ల్యాబ్‌లో గాజు సామాను కడుగుతున్న ఇద్దరు కుళాయి కట్టేసి మరీ చూశారు.

“నేనే పెట్టిన” అంది మహిత. “ఏం, తప్పా?”

దసరా సెలవుల తర్వాత మొదటి రోజు అది. బొంతపల్లి దగ్గర మందుల ఫ్యాక్టరీ మాది. అందులో కంప్యూటర్లు చూసే ఇంజనీర్‌ని నేను, పేరు వెంకట సాయి. మహిత క్వాలిటీ ల్యాబ్‌లో ట్రైనీ కెమిస్ట్. పరీక్షల ఫలితాలన్నీ ఆమె టేబుల్ మీది కంప్యూటర్‌లోనే ఉంటాయి. దాని డిస్క్‌కి తాళం వేసింది నేనే. రోజూ పొద్దున ఆ పెన్‌డ్రైవ్ పెడితేనే కంప్యూటర్ తెరుచుకుంటుంది. ఇవాళ పెట్టినా తెరుచుకోలేదు. గంట నుంచి తాళంచెవి పెట్టమని అడుగుతూనే ఉంది.

పీకి చూశాను. పైన గంధం, మధ్యలో కుంకుమ. అంతవరకూ సరే. కంప్యూటర్‌లోకి వెళ్లే మూతి నిండా పసుపు గట్టిపడి ఉంది.

“బొట్టు పైన పెడతారు. నోట్లో కుక్కుతారా?”

“కుక్కలే. కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్లు పడ్డయి. పసుపు తడిసి అండ్లకు పోయింది.”

“అసలు దీనికి పూజేంటండీ?”

“మీరే గద చెప్పింది? ‘ఇది ల్యాబ్‌కి తాళంచెవి, ప్రాణంలా చూసుకోండి’ అని. ఆయుధపూజ నాడు తాళంచెవికి బొట్టు పెట్టకుంటే ఇగ దేనికి పెడ్తరు? మీ స్క్రూడ్రైవర్‌కు గూడ పెట్టిన. అప్పుడు మంచిగ నవ్విన్రు!”

నిజమే, నవ్వాను. గంధం అంటిన ఆ చేతుల వంక చూస్తూ, ఏమంటోందో కూడా వినకుండా నవ్వాను. అది గుర్తొచ్చి కోపం ఇంకాస్త పెరిగింది.

బ్రష్‌తో రుద్దాను. స్పిరిట్‌తో తుడిచాను. వెనక పోర్టులో పెట్టాను. పెన్‌డ్రైవ్ లైటు కూడా వెలగలేదు.

ఇంతలో ల్యాబ్ ఇన్‌చార్జ్ సుమిత్ర మేడం వచ్చారు. “రెండింటికి బ్యాచ్ రిజల్ట్ వెళ్లాలి. ఎవరి తప్పో నాకు రాసి పంపండి” అని వెళ్లిపోయారు.

నా కోపం ఎప్పుడూ నాకంటే రెండడుగులు ముందుంటుంది. అక్కడే నిలబడి ఫోన్‌లో మెయిల్ కొట్టి పంపేశాను. ‘కారణం: యూజర్ నిర్లక్ష్యం.’

మహిత నా భుజం మీదుగా చదివింది.

“శుక్రవారం నా పర్మనెంట్ ఆర్డర్ రావాలె, ఎరుకేనా? గీ రెండు మాటలు సూస్తే నన్ను ఇంటికి పొమ్మంటరు. పర్మనెంట్ అయ్యేదాక సంబంధాలు సూడొద్దని మా నాయినను ఆపిన. ఇగ ఆగడు!”

ఆ సంబంధాలన్న మాట నాకు గట్టిగానే తగిలింది.

“ఎవరిదండీ సంబంధం?”

“నీకెందుకు?”

ఆరు నెలలుగా ‘మీరు’ అన్న మనిషి మొదటిసారి ‘నువ్వు’ అంది. ఎప్పుడంటుందా అని ఎదురు చూసిన మాట, తిట్టుతో పాటు వచ్చింది.

“నా దగ్గర రెండో తాళంచెవి ఉంది. నేను మీలా కాదు, జాగ్రత్త మనిషిని” అని గొప్పగా నా డ్రాయర్‌లోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చాను. పెట్టాను. కంప్యూటర్ మళ్లీ తాళంచెవి పెట్టమనే అడిగింది. ముందు పోర్టు, వెనక పోర్టు, మళ్లీ రీస్టార్ట్. అదే మాట.

నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. లోపల ఒక ఖాళీ ఫోల్డర్ తప్ప ఏమీ లేదు.

అప్పుడు నాకు బుర్రలో వెలిగింది. అసలు తాళంచెవి ఫైలు పైకి కనపడకుండా దాక్కుని ఉంటుంది. డిస్క్‌కి తాళం వేసిన రోజు నేను కనపడినవన్నీ సెలెక్ట్ చేసి కాపీ కొట్టాను. కనపడనిది రాలేదు. పెట్టి చూసుకోనూ లేదు. ఆరు నెలలుగా ఖాళీ పెన్‌డ్రైవ్‌ని డ్రాయర్‌లో పెట్టి తాళం వేసుకుంటున్నాను.

“ఏమైంది?”

చెప్పాను. చెవులు కాలిపోయాయి.

“అంటే నా బొట్టు కనపడ్డది, నీ ఖాళీ డబ్బా కనపడలే! మెయిల్ మాత్రం జల్దీ కొట్టినవ్!”

“నలభై ఎనిమిది అంకెల రికవరీ నంబర్ ఒకటుండాలి” అన్నాను నేలచూపులు చూస్తూ. “ఆ కాగితం ఎక్కడ పెట్టానో...”

ఆమె బీరువా తెరిచి, సీల్ వేసిన కవర్ తెచ్చి టేబుల్ మీద కొట్టింది. పైన తేదీ, టైము, నా సంతకం, ఆమె సంతకం. ఆ రోజు పెట్టమని నేనే ఇచ్చి మరిచిపోయాను. ల్యాబ్ వాళ్లు ఏదీ మరిచిపోరు.

ఆమె చదువుతుంటే నేను కొట్టాను. ఒకే కుర్చీ, ఇద్దరికీ కోపం.

“నేనన్నది తొమ్మిది. ఆరు కొట్టినవ్.”

“తొమ్మిదే కొట్టాను.”

“కండ్లున్నయా? స్క్రీనే తప్పంటుంది, సూడు!”

చూశాను. ఆరే. దిద్దాను. చివరి అంకె పడగానే కంప్యూటర్ తెరుచుకుంది. ఫలితాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆమె గట్టిగా ఊపిరి వదిలి కళ్లు తుడుచుకుంది. ఆ కళ్లు చూడగానే నా కోపం మొత్తం నా మీదికే తిరిగింది.

కవర్‌లో ఇంకో చీటీ ఉంది. ఇచ్చినవారు, తీసుకున్నవారు, రిమార్క్స్. ఆ చివరి గడిలో ఆమె రాత: ‘ఇంజనీర్‌కు కోపం ఎక్కువ. మూడింటి వరకు తినలేదు. పని మంచిగా చేసిండు.’

లాక్కోబోయింది. నేనివ్వలేదు.

“ఖాళీ గడి వదలొద్దని రూల్. ఏదో ఒకటి రాసిన.”

“అందరూ ‘లేదు’ అని రాస్తారుగా?”

ఆమె ముఖం పెన్‌డ్రైవ్ మీది కుంకుమ రంగుకి వచ్చింది.

రిజల్ట్ ఒంటిగంటన్నరకే వెళ్లింది. నేను నేరుగా సుమిత్ర మేడం గదికి వెళ్లాను, మహితను కూడా రమ్మన్నాను. నా మెయిల్ అప్పటికే ప్రింటై ఫైల్లో ఉంది.

“చింపేసి కొత్తది రాసిస్తాను మేడం.”

“ఇక్కడ చింపడాలుండవు” అన్నారావిడ. “ఒక్క గీత కొట్టు. కింద తప్పు కనపడాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టు.”

‘యూజర్’ మీద ఒక్క గీత కొట్టి ‘ఇంజనీర్’ అని రాశాను. సంతకం, తేదీ. ఖాళీ పెన్‌డ్రైవ్ సంగతంతా కింద రాశాను. మేడం చదివి, “పెన్‌డ్రైవ్‌లకి పూజలు వద్దు. ఆర్డర్‌కి అడ్డేం లేదు, వెళ్లమ్మా” అన్నారు.

ల్యాబ్‌లో కొత్త తాళంచెవులు రెండు చేశాను. రెండూ పెట్టి, తెరుచుకున్నాయని ఆమెకు చూపించాను. కొత్త నంబర్, కొత్త కవర్, కొత్త చీటీ. సంతకం పెట్టి ఇచ్చాను.

“రిమార్క్స్ ఖాళీగుంది” అంది, ఇంకా కోపంగానే.

పెన్ను తీసుకుని రాశాను: ‘కోపం తగ్గించుకుంటాను. నువ్వంటే ఇష్టం. ఒప్పుకుంటే ఇవాళ సాయంత్రం బస్ స్టాప్ దాకా తోడొస్తాను.’

ఆమె చాలాసేపు చదివింది. కనుబొమలు ముడిపడే ఉన్నాయి. నా చేతిలోని పెన్ను లాక్కుని ‘ఇవాళ’ మీద ఒక్క గీత కొట్టింది. పైన ‘రోజూ’ అని రాసింది. పక్కన సంతకం, తేదీ వేసి, చీటీ కవర్‌లో పెట్టి సీల్ వేసింది.