పాలు పోసిన కాఫీ మేకర్

పొద్దున్నే వంటింట్లోకి అడుగుపెట్టిన నవీన ముక్కుకు మాడిన పాల కంపు కొట్టింది. చూస్తే స్టవ్ మీద ఏమీ లేదు. కంపు వస్తున్నది మూలనున్న కాఫీ మేకర్‌లోంచి. మూత తీసింది. నీళ్లు పోసే తొట్టిలో పాలు, వాటిలో తేలుతూ అల్లం ముక్కలు. పక్కనే మామ ఆదిమూలం తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరిన నవీన తమ్ముడు మొదటి జీతంతో కొనిచ్చిన వస్తువది. నవీనకు దాని మీద ఎంత ప్రేమంటే, ఆదివారం తప్ప బయటికి తీయదు. తీసినా మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ కవరు తొడిగేస్తుంది.

“దీంట్లో పాలెవరు పోసినారు మామా?”

“నేనేమ్మా. టీ పెడదామని.”

“దీంట్లో నీళ్లే పోయాల. పాలు పోస్తే లోపల గొట్టాల్లో మాడిపోతాయి.”

“పాలు లేకుండా టీ యాడన్నా ఉంటాదామ్మా?”

పాపం, ఆయన నిజంగానే అడిగాడు. ఆ ఇంట్లో టీ అంటే పాలు, నీళ్లు, పొడి, అల్లం అన్నీ ఒకే గిన్నెలో పడి పొంగాల్సిందే.

ఇంతలో ఆయన కొడుకు, నవీన భర్త ధనంజయ వచ్చాడు. “స్టవ్ కాడికి పోవద్దంటే ఇప్పుడు కరెంటు సామాన్ల మీద పడినావా నాయనా? ఊరికే కూర్చోలేవా?”

ఆదిమూలం మొహం చిన్నబోయింది. “ఊరికే కూర్చునేదే కదప్పా ఇప్పుడు నా పని,” అని మెల్లగా వరండాలోకి వెళ్లిపోయాడు.

పక్షవాతం వచ్చి ఆయన కుడిచేయి పట్టు తప్పింది. అయినా వినకుండా స్టవ్ వెలిగించబోతే భుజం మీది తువ్వాలు అంటుకుంది. అప్పుడే నవీన గట్టిగా చెప్పేసింది, ఇక స్టవ్ జోలికి రావద్దని. అందులో ఆమె తప్పేం లేదు. ఇంటిల్లిపాదీ ఆరోజు హడలిపోయారు మరి.

అత్త దేవకమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. “ఆయన్ను ఏమనొద్దమ్మా. ఆ టీ ఆయనకు కాదు, నాకు.”

“మీరు టీ మానేసినారు కదత్తా? పడడంలేదంటిరే.”

“పడకేం. కాపురానికి వచ్చినప్పటి నుంచి పొద్దున టీ ఆయన చేత్తోనే తాగినాను. ఆడదాని మాదిరి పొయ్యికాడ కూర్చున్నావేందిరా అని మా మామ ఎగతాళి చేసినా ఆయన మానలేదు.” దేవకమ్మ వరండా వైపు చూసింది. “ఇప్పుడు నీ చేతి టీ తాగితే, ఆయన చెయ్యి ఇంక రాదని నేనే ఒప్పుకున్నట్టు కదమ్మా.”

నవీనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం ఎటు పోయిందో పోయింది. స్టవ్ వద్దన్నది ఆయన మంచికే. దాంతోపాటు ఈ ఇంట్లో ఇంకేం ఆగిపోయిందో తనకు తట్టనే లేదు.

కాఫీ మేకర్‌లో పాలు పారబోసి, నిమ్మరసం కలిపిన నీళ్లు పోసి స్విచ్ వేసింది. మొదట తెల్లటి విరుగుడు వచ్చింది. మళ్లీ మళ్లీ పోయగా తేట నీళ్లు వచ్చాయి. వరండాలోకి వెళ్లి, “మామా, రాండి. టీ పెడుదురు,” అంది.

“పాడైపోయింది కదమ్మా?”

“బాగైంది. పాలు నేను కాచి ఇస్తా. మిగతాదంతా మీరే.”

ఆదిమూలం ఎడమచేత్తో గాజు జగ్గులో టీపొడి, దంచిన అల్లం వేశాడు. తొట్టిలో నీళ్లు పోసి స్విచ్ నొక్కాడు. వేడినీళ్లు బొట్టుబొట్టుగా జగ్గులోకి దిగి డికాక్షన్ చిక్కబడుతుంటే కన్నార్పకుండా చూశాడు. నవీన దాన్ని వడగట్టి కాచిన పాలు, చక్కెర కలిపింది.

గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని ఆయన గడప దాకా నడిచాడు. దారిలో కొంచెం ఒలికింది. ధనంజయ అందుకోబోతే నవీన చొక్కా పట్టి ఆపింది.

దేవకమ్మ ఒక గుక్క తాగి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అల్లం ఎక్కువైంది,” అంది.

“రేపు తగ్గిస్తాలే,” అన్నాడు ఆదిమూలం.

చెయ్యి పడిపోయాక నాయన నోట ‘రేపు’ అన్న మాట వినడం ధనంజయకు అదే మొదలు. వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. నవీన కాఫీ మేకర్ కవరు మడిచి అటక మీదికి విసిరేసింది.